వాన రాకడ తెలిసిన కాలమున

వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికిని తెలియవని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ సామెతలో సగము నేడు చెల్లదు. ప్రాణము పోకడ ఇప్పటికిని మన యెరుకలో లేదు గాని, వాన రాకడ మాత్రము తెలిసివచ్చినది. ఆకాశమున ఉపగ్రహములు తిరుగుచున్నవి. తెలంగాణ రాష్ట్రమున వేయికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రములు వాన కొలతలను ఎప్పటికప్పుడు తెలుపుచున్నవి. రాబోవు భారీవర్షమును గూర్చి వాతావరణశాఖవారు జిల్లా పేరుతో ఎర్ర హెచ్చరిక ముందుగనే పంపుచున్నారు. అయినను ప్రతి వర్షకాలమునను మన యేజెన్సీ గ్రామములలో మనుష్యులు కొట్టుకొనిపోవుచునే యున్నారు. వాన రాకడ తెలియని కాలమున చచ్చినవారి చావునకు విధిని నిందించితిమి. తెలిసిన కాలమున చచ్చువారి చావునకు ఎవరిని నిందింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు చెప్పకున్నారు గనుక మేము ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా జరిగినదానిని నెమరువేసికొందము. 2023 జూలై 27వ తేదీన, పుష్యమి కార్తెలో, ములుగు జిల్లా వెంకటాపురము మండలములోని లక్ష్మీదేవిపేటయందు ఇరువదినాలుగు గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఆ యంకె చదివి ఊరకుండిన దాని భారము తెలియదు. ఒక యెకరము నేలపై ఒక్క దినమున ఇరువదియారు లక్షల లీటర్ల నీరు పడినదని అర్థము. అదే దినమున భూపాలపల్లి ప్రక్క మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచెత్తెను. తెల్లవారునప్పటికి జనులు పిల్లలతో, ముసలివారితో ఇండ్ల కప్పుల పైకెక్కి చేతులూపుచుండిరి. వారిని దింపుటకు సైన్యపు హెలికాప్టర్లు రావలసి వచ్చెను. ఏటూరునాగారము మండలములో జంపన్నవాగు కొండాయి గ్రామమును ముంచి యెనమండుగురిని పొట్టన పెట్టుకొనెను.

ఏడాది తిరిగి నెల గడచెను. 2024 ఆగస్టు 31వ తేదీన ములుగు జిల్లా తాడ్వాయి–మేడారము అడవిలో పెనుగాలి వీచి యాభైవేలకు పైగా చెట్లను కూల్చెను. ఆ రాత్రియు మరునాడును మహబూబాబాదు జిల్లాలో ఆకేరు పొంగి మరిపెడ మండలములోని సీతారాం తండాను ముంచెను. కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. దిగువన మున్నేరు ఖమ్మము పట్టణపు కాలనీలను ముంచెను. అదే సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు ప్రాంతము కేంద్రముగా 5.3 తీవ్రతగల భూకంపము వచ్చి, గోదావరి లోయకు నీటిభయము మాత్రమే గాక నేలభయమును కలదని తెలిపెను.

ఈ స్థలములన్నిటి నడుమ గంగారము మండలమున్నది. ఈశాన్యమున తాడ్వాయి అడవి, పడమట కొత్తగూడ, పాకాల అడవులు. నడుమ కోయగూడెములు, వాగులు, పోడు చేలు. 2016వ సంవత్సరపు జిల్లాల పునర్విభజనలో కొత్తగూడ మండలమునుండి విడిపోయి ఇది వేరు మండలమైనది. కలెక్టరు కచేరీ మహబూబాబాదులో. గిరిజనాభివృద్ధి సంస్థ ములుగు జిల్లాలోని ఏటూరునాగారమున. శాసనసభా నియోజకవర్గము ములుగు. వాగు పొంగిననాడు గంగారపు కోయరైతు ఏ దిక్కున మొగము పెట్టి పిలువవలెను? మూడు దిక్కులను ముగ్గురు దొరలున్నారు. నాలుగవ దిక్కున వాగున్నది. ముగ్గురును వాగునకు ఆవలివారే. కావున వరదరాత్రి వానికి దక్కునది తన యూరు మాత్రమే. ఆ యూరికొక ప్రభుత్వమున్నదా లేదా యనునదియే మా ప్రశ్న.

చట్టము ఉన్నదనియే చెప్పుచున్నది. 2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టములో స్థానిక సంస్థలనగా పంచాయతులును చేరియున్నవి. తమ యుద్యోగులకు తరిఫీదు ఇప్పించుట, అవసరమునకు అక్కరకు వచ్చునట్లు సామగ్రిని సిద్ధముగా నుంచుట, తమ పరిధిలోని కట్టడములు నిర్ణీత ప్రమాణములకు లోబడునట్లు చూచుట, ఆపద వచ్చిన పిమ్మట సహాయ పునర్నిర్మాణములు సాగించుట – ఇవన్నియు స్థానిక సంస్థల విధులని ఆ చట్టపు 41వ సెక్షను వక్కాణించుచున్నది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరు అధ్యక్షుడైనచో, జిల్లా పరిషత్తు అధ్యక్షుడు సహాధ్యక్షుడు. ఇంత చక్కగా వ్రాసిన చట్టమునకు కాళ్లు మాత్రము పెట్టలేదు. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతులకు అప్పగింపదగిన యిరువదితొమ్మిది విషయములున్నవి. చిన్ననీటి వనరులు, రోడ్లు, వంతెనలు, గ్రామీణ గృహములు, ఆరోగ్యము – అన్నియు నందున్నవి. విపత్తు అను మాట లేదు. 2025వ సంవత్సరపు చట్టసవరణలో రాజధానులకును కార్పొరేషను నగరములకును ప్రత్యేక విపత్తు సంస్థలను కల్పించిరి. మంచిదే. కొండాయికిని గంగారమునకును అట్టిదేమియు కల్పింపలేదు. వరద నగరమును ముంచిన వార్త, పల్లెను ముంచిన వాడుక – ఇట్లు కాబోలు మన శాసనకర్తల తలంపు!

ఇక గ్రామప్రభుత్వపు శరీరమేమైనదో చూతము. తెలంగాణమున సర్పంచుల పదవీకాలము 2024 జనవరి చివర ముగిసెను. అదే యేడు జూలైలో మండల, జిల్లా పరిషత్తుల గడువును తీరెను. ఎన్నికలు జరుపక ప్రత్యేకాధికారులను కూర్చుండబెట్టిరి. అనగా 2024 ఆగస్టు 31వ నాటి రాత్రి ఆకేరు పొంగునప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఎన్నికైన సర్పంచి యొక్కడును లేడు. చట్టము చెప్పిన సహాధ్యక్షుని కుర్చీ ఖాళీ. పాలకవర్గములు లేవను కారణముచేత కేంద్ర ఆర్థికసంఘపు నిధులును నిలిచిపోయెను. సర్పంచుల యెన్నికలు 2025 డిసెంబరులో గాని జరుగలేదు. దాదాపు రెండేండ్లు పల్లెకు తల లేదు. తల లేని మొండెమును చూపి “పంచాయతులు చేతగానివి” అనువారిని ఏమనవలెను?

చేతులను నరికినదియు మనమే. పూర్వము చెరువుకు నీరటివాడుండెను. వాన పట్టిన రాత్రి గొంగడి కప్పుకొని, చేత లాంతరుతో కట్టపై తిరిగి, బుంగ పడినచోట మట్టిబస్తా వేయుట, అలుగు పారునప్పుడు దిగువవారికి కేక వేయుట వాని పని. ఆ వృత్తులు వెట్టితోడను కులముతోడను ముడివడియుండెను. ఆ ముడి తెగవలసినదే, తెగినందుకు మేము సంతోషించుచున్నాము. కాని వెట్టిని తీసివేయుటతో బాటు కాపలానుగూడ తీసివేయుట సంస్కరణము కాదు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేసిరి. 2023లో గ్రామ సహాయకులను పలుశాఖలకు పంచిపెట్టిరి. 2025 సెప్టెంబరునాటికి గ్రామ పాలనాధికారుల పేరిట మరల నియామకములు మొదలుపెట్టిరి. ఈ నడుమ రెండు పెద్ద వరదలు వచ్చిపోయెను. ఆ రాత్రులలో చెరువుకట్టపై నిలువవలసినవాడు ఏ శాఖ గుమాస్తాయై ఏ బల్లయొద్ద కూర్చుండెనో!

ఒక పోలిక చూపెదము. ఇంటికన్నెయొద్ద కొట్టుకొనిపోయిన రైలుకట్టను రైల్వేవారు నాలుగైదు దినములలో మరమ్మతు చేసి రైళ్లను నడిపిరి. వందలకొలది కూలీలు రాత్రింబవళ్లు పనిచేసిరి. వారికి మా నమస్కారము. ఇది ఎట్లు సాధ్యమయ్యెను? ఆ కట్టకు ఒక యజమాని యున్నాడు. వర్షకాలమున రాత్రివేళ పట్టాల వెంట కాపలా తిరుగు పద్ధతి రైల్వేలలో చిరకాలముగా నున్నది. చెడినచో ఎవరు బాగుచేయవలెనో, ఆ ఖర్చు ఏ పద్దుక్రింద వ్రాయవలెనో ముందే నిర్ణయమై యున్నది. గూడెమునకు పోవు బాటకును, దాని వాగుపైని కల్వర్టునకును అట్టి యజమాని ఎవడు? రోడ్లశాఖవారు పంచాయతిరాజ్ శాఖదందురు. వారు అటవీశాఖ అనుమతి కావలెనందురు. అటవీశాఖవారు దరఖాస్తు రాలేదందురు. ఇంతలో మృగశిర కార్తె వచ్చును.

“వనవాసులకు ముందుచూపు చెప్పినను తెలియదు, అంత యడవిలో ఏర్పాట్లు చేయుట ఎవరి తరము?” అను మాట పట్టణములలో తరచుగా వినవచ్చుచున్నది. ఈ మాటకు మేడారమే సమాధానము. రెండేండ్ల కొకసారి సమ్మక్క సారలమ్మ జాతరకు కోటిమంది వత్తురని లెక్కించి, నెలల ముందునుండి రోడ్లు, మంచినీరు, వైద్యశిబిరములు, బస్సులు, విద్యుత్తు, పోలీసులు – అన్నియు అదే యడవిలో అమర్చుచున్నారు. ఏ శాఖ ఏ పని ఏ తేదీకి ముగింపవలెనో కాగితముపై నుండును. ఆ జాతరకు పగిడిద్దరాజును గంగారము మండలపు పూనుగొండ్లనుండియు, గోవిందరాజును కొండాయినుండియు తోడ్కొని వచ్చుట ఆచారము. కొండాయినుండి దేవుడు బయలుదేరునప్పుడు ప్రభుత్వము త్రోవ చూడగలదు. కొండాయిలోని మనుష్యులు నీట మునుగునప్పుడు త్రోవ కానరాదు! జాతర తిథి ముందే తెలియునందురా? వర్షకాలపు తిథియు తెలిసినదే. జాతర రెండేండ్ల కొకసారి. పుష్యమి, మఖ, పుబ్బ కార్తెలు ఏటేటను వచ్చుచున్నవి. శక్తి లేకపోలేదు, చేయవలెనను సంకల్పము కొరవడినది.

ధనము లేదనునది రెండవ సాకు. పదునైదవ ఆర్థికసంఘము 2021 నుండి 2026 వరకు రాష్ట్రముల విపత్తు నిధులకై లక్షా అరువదివేల కోట్ల రూపాయలకు పైగా నిర్ణయించెను. అందు ప్రతి నూరు రూపాయలలో నలువది తక్షణ సహాయమునకు, ముప్పది పునర్నిర్మాణమునకు, పది సన్నద్ధతకు, ఇరువది ఆపదను ముందే తగ్గించు పనులకు. ఆలోచన మంచిది, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట చాలదని ఢిల్లీలో నైనను గుర్తించిరి. కాని ఈ లెక్కలో గ్రామపంచాయతి పేరిట హక్కుగా ప్రత్యేకించిన భాగము లేదు. సన్నద్ధతకై ఉద్దేశించిన ఆ పది రూపాయలలో గంగారమునకు ఒక త్రాడైనను, ఒక లాంతరైనను, ఒక తెప్పయైనను చేరెనా? ఇది అడుగుట మా హక్కు; చెప్పుట వారి విధి.

గ్రామము తన్ను తాను రక్షించుకొనగలదా యను సందేహము గలవారు జపాను దేశపు ఫుదాయి గ్రామమును గూర్చి వినవలెను. 1896లోను 1933లోను సునామీలు ఆ గ్రామములో వందలమందిని చంపెను. పిమ్మట ఆ గ్రామాధ్యక్షుడైన కోతోకు వామురా యను నతడు పదునైదున్నర మీటర్ల యెత్తున సముద్రపు తూమును కట్టింప బూనెను. ఇంత యెత్తేల, ఇంత ధనమేల యని పలువురు నిందించిరి. అతడు వినలేదు. 1984లో తూము పూర్తియయ్యెను. 2011 మార్చిలో మహాసునామీ వచ్చి చుట్టుప్రక్కల పట్టణములను ఊడ్చివేసినప్పుడు ఫుదాయి గ్రామము నిలిచెను. అప్పటికి వామురా లేడు; జనులు అతని సమాధికి పోయి మ్రొక్కిరి. ఒక గ్రామాధ్యక్షుడు తన పదవీకాలమునకు మించి చూచిన చూపునకు ఫలమిది.

దూరదేశపు కథ వలదందురా? ఒడిశాను చూడుడు. 1999 అక్టోబరు తుఫానున అచ్చట దాదాపు పదివేలమంది చనిపోయిరి. ఆ చావులనుండి వారు పాఠము నేర్చిరి. ఆశ్రయభవనములు కట్టిరి, గ్రామస్థులకు తరిఫీదిచ్చిరి. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు పదిలక్షలమందిని ముందే తరలించిరి; చనిపోయినవారి సంఖ్య యాభైకి లోపు. 2020లో ఆ రాష్ట్రపు వెంకటరాయిపురము, నోలియాసాహి గ్రామములను సునామీకి సన్నద్ధమైనవిగా యునెస్కోకు చెందిన సముద్రశాస్త్ర సంఘము గుర్తించెను. నోలియా యను పేరు ఆ తీరమున తెలుగు జాలరులకు వాడుకలోనున్నది. మన భాష మాటలాడు బీద జాలరులు ఒడిశాలో నేర్చినదానిని మన కోయ సోదరులు తెలంగాణమున నేర్వజాలరా?

హైదరాబాదు చరిత్రయు ఇదియే చెప్పుచున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది వేలాదిజనులను మ్రింగెను. నాటి ప్రభుత్వము గంజికేంద్రములు పెట్టి ఊరకుండలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వరద కారణములను పరిశీలింపజేసెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. వరద తరువాతి పని అనగా మరుసటి వరదకు ముందటి పనియే యని నాటివారు గ్రహించిరి. నేడు మనము గ్రహించినది పరిహారపు చెక్కు నొకదానిని మాత్రమే.

ఆ చెక్కైనను అందరికి చేరుచున్నదా? కేంద్రపు నియమముల ప్రకారము 2022 నుండి 2026 వరకు వర్షాధారపు పంటకు హెక్టారునకు 8,500 రూపాయలు, నీటివసతిగల పంటకు 17,000 రూపాయలు; అదియు రెండు హెక్టార్ల వరకే. 2024 వరదల పిమ్మట రాష్ట్రప్రభుత్వము ఎకరమునకు పదివేలు ప్రకటించెను. ఇవి యెవరికి? కాగితముగలవానికి. 2023 జూన్‌లో నాలుగులక్షల యెకరములకు పైగా పోడు పట్టాలు పంచిరి; సంతోషము. కాని పట్టా రాని పోడు రైతు, కౌలుకు దున్నిన రైతు, పట్టా మగని పేరనుండగా నాట్లు వేసిన ఇల్లాలు – వీరి నష్టము వాగులో కలిసినదే. వరద ఎవరి పట్టాను అడిగి చేనిలో ప్రవేశించినది? సహాయము మాత్రము పట్టా నడిగి గడపలో ప్రవేశించును.

దీనికి మందు చట్టములోనే యున్నది. షెడ్యూలు ప్రాంతములకు పంచాయతి పాలనను విస్తరింపజేసిన 1996వ సంవత్సరపు పెసా చట్టము, సంక్షేమ పథకముల లబ్ధిదారులను గుర్తించు బాధ్యతను గ్రామసభకే యిచ్చెను. చిన్ననీటి వనరుల ప్రణాళికా నిర్వహణములను పంచాయతుల కప్పగించెను. ఎవరి చేను ఎవరు దున్నిరో గ్రామసభకు తెలిసినట్లు ఏ కచేరీకి తెలియును? గ్రామసభ నిలువుగా కూర్చుండి చదివిన జాబితాయే నష్టపు జాబితా కావలెను. పంచాయతులలో పక్షపాతములుండునని, లంచములుండునని కొందరందురు. ఉండును, మేము కాదనము. కాని పదిమంది యెదుట చదివిన జాబితాలోని దొంగపేరును ప్రక్కయింటి ముసలమ్మ పట్టుకొనును. మూసిన గదిలో వ్రాసిన జాబితాలోని దొంగపేరును ఎవరు పట్టుకొందురు?

కావున మా కోరికలు ఇవి. మృగశిర కార్తెకు ముందే గంగారము మండలములోని ప్రతి పంచాయతియు గ్రామసభను కూర్చి వరద పత్రమొకటి సిద్ధము చేయవలెను. అది వంద పుటల గ్రంథము కానక్కరలేదు. వాగునీరు ఏ గుర్తు దాటినచో ఏ యిండ్లవారు లేవవలెను. వారు ఏ బడికి, ఏ మిట్టకు పోవలెను. నడువలేని ముసలివారిని, నెలలు నిండిన గర్భిణిని ఎవరు తీసికొనిపోవలెను. బడి తాళముచెవి ఎవరియొద్ద నుండును. దండోరా ఎవరు వేయవలెను – ఒక్క కాగితము చాలును. ఎర్ర హెచ్చరికలోని మిల్లీమీటర్లను ఫలానా గూడెపు ఫలానా యిండ్లుగా తర్జుమా చేయగలది పంచాయతి యొక్కటియే. వంతెన స్తంభములపై నీటి గుర్తులు రంగుతో వేయవలెను. ప్రతి చెరువుకు కూలి యిచ్చి వర్షకాలపు కాపలాదారు నుంచవలెను. వెట్టికి కాదు, కులమునుబట్టి కాదు. సన్నద్ధతకు ఏర్పడు నిధిలో ఒక భాగము పంచాయతి ఖాతాకు నేరుగా చేరవలెను. ప్రతి యూరికిని ఇచ్చిన ట్రాక్టరు చెత్త మోయుటతోబాటు వరదనాడు మనుష్యులను మోయుటకును లెక్కలో చేరవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, స్థానిక సంస్థల గడువు తీరినపిమ్మట వర్షకాలమున వానిని ఖాళీగా నుంచుట ఏ ప్రభుత్వమునకైనను సిగ్గుచేటని ప్రజలు గట్టిగా చెప్పవలెను.

చదువరులారా, ఈ పత్రికను చేతబట్టిన మీలో పెక్కురు వాగు దాటవలసిన యవసరము లేనివారు. వరద వచ్చినప్పుడు పాతబట్టలు, బియ్యము పంపుదురు, అది పుణ్యమే. కాని పాతచీర పంపినంత సులభముగా ఒక ప్రశ్నను పంపలేకున్నాము. మీ యూరి పంచాయతికో, మీ పట్టణపు మునిసిపాలిటీకో ఈ వేసవిలోనే పోయి, “మన వరద పత్రము చూపుడు” అని యడుగుడు. లేదనినచో, ఎన్నటికి సిద్ధమగునో తేదీ వ్రాయించుకొనుడు. ఉపాధ్యాయులు బడిపిల్లలచేత వాగుగుర్తుల పటము గీయింపవచ్చును. మహిళాసంఘములవారు వీధివీధిని ముసలివారి జాబితా వ్రాయవచ్చును. వీనిలో దేనికిని జీ.ఓ. అక్కరలేదు.

హెలికాప్టరు వచ్చి మోరంచపల్లివారిని దింపినప్పుడు దేశమంతయు చూచి చేతులు తట్టెను. ఆ ధైర్యవంతులకు మేమును చేతులు జోడింతుము. కాని కప్పులపైనున్న మనుష్యుని ఆకాశమునుండి వచ్చి దింపవలసి వచ్చినదన్నచో, నేలపైనున్న ప్రభుత్వము ముందటి రాత్రి తన పని చేయలేదని అర్థము. జంపన్నవాగు మరల పొంగును. ఆకేరు మరల పొంగును. ఆ రాత్రి గంగారపు గూడెములలో ఏ తలుపును ఎవరు తట్టవలెనో ఇప్పుడే వ్రాసియుంచవలెను.